మా అత్త బండితో చెప్పిన మాటలు

మా అత్త మొన్న గురువారం పొద్దుగూకే వేళ మైదుకూరులో, మా ఇంట్లోనే పోయింది. అయినవాళ్లకు నేనే ఫోన్లు చేసి చెప్పాను. "ఏ అత్తప్పా?" అన్నారు కొందరు. పెండ్లాం తల్లి అన్నాను. "ఆ పాప పోయి ఎన్నేండ్లాయె! నువ్వింకా ఆ ఇంట్లోనే ఉండావా?" అని ఆశ్చర్యపోయారు. చావు కబురు చెబుతూ, నేనా ఇంట్లో ఎందుకున్నానో కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఒళ్లు మండింది. ఫోన్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మామ లేడు, అత్తకు ఒక్కతే కూతురు. నేతపని ఇల్లు. మగ్గాన్ని నమ్ముకుంటే పూట గడవని కాలం వచ్చాక, ఒక పికప్పు, దాని వెనక తగిలించుకునే చిన్న ట్రెయిలర్ పెట్టుకుని మోటార్ సైకిళ్లు మోసే పనిలోకి దిగాం. ఉద్యోగం బదిలీ అయినవాళ్లు, చదువైపోయినవాళ్లు రైల్లోనో బస్సులోనో పోతారు. వాళ్ల బండి మా పికప్పు మీద పోతుంది. కర్నూలు నుంచి పుణె, కడప నుంచి నాగపూర్, ఒక్కోసారి ఇంకా పైకి. పికప్పులో రెండు, ట్రెయిలర్ మీద రెండు. ఆ ట్రెయిలర్‌ను మా వీధిలో అందరూ తోకబండి అనేవాళ్లు.

నేను నడిపేవాణ్ణి. నా భార్య, అత్త కలిసి బండ్లు కట్టేవాళ్లు. ట్యాంకుకు, హ్యాండిల్‌కు పాత నూలు చీరలు చుట్టి, ఆ పైన తాడు వేసేవాళ్లు. "ప్లాస్టిక్ గీకుతాది, నూలు గీకదు" అనేది అత్త. ఇంకో మాట కూడా అనేది: "మరీ బిగించగూడదు. కదిలేదానికి రవ్వంత సందియ్యాల. లేకుంటే తాడే తెగుతాది." ఆమె కట్టిన బండికి ఎన్నడూ ఏమీ కాలేదని గొప్పలు చెప్పను. బెళగావి దగ్గర గుంతలో ఎత్తేసినప్పుడు ఒక బండి అద్దం పగిలింది. ఎవరింట్లోనో పసిబిడ్డకు దెబ్బ తగిలినట్టు దాని గురించి చాలా రోజులు బాధపడింది.

మా వైపు పాతకాలపు అత్తలు అల్లుడితో ముఖాముఖి మాట్లాడరు. అదొక మర్యాద. ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి కూతురి చేత చెప్పిస్తారు. ఇప్పుడు చాలా ఇళ్లలో పోయింది గానీ మా అత్త దాన్ని ఉడుంపట్టు పట్టింది. "అన్నం పెట్టాల్నేమో అడగమ్మే." "ఎనక టైర్లో గాలి తక్కువుండాదని చెప్పమ్మే." అన్నీ నా భార్య మీదుగానే వచ్చేవి. "ఇద్దరూ ఎదురెదురుగానే ఉండారు, మద్దెలో నా నోరు నొప్పి" అని ఆమె విసుక్కునేది. అత్త అటు తిరిగి, నేను ఇటు తిరిగి నవ్వుకునేవాళ్లం.

పెళ్లయిన మూడో ఏడు నా భార్యకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోయాం. మళ్లీ ఇంటికి నడిపించుకుని రాలేదు. అంతకన్నా ఆ సంగతి రాయడం ఇప్పటికీ నా చేత కాదు.

పెద్దదినం అయిన మర్నాడు రాయచోటి నుంచి మా అన్న వచ్చాడు. "ఆయమ్మ బిడ్డే లేకపోయినాక నువ్వేమైతావప్పా ఆయమ్మకు? పా, ఇంటికి పోదాం" అన్నాడు. గుడ్డలు సంచిలో సర్దుకున్నాను. పోతున్నానని అత్తకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెప్పే మనిషే పోయింది కదా.

సంచి పట్టుకుని పెరట్లోకి వచ్చాను. ధార్వాడకు చేరాల్సిన బండి ఒకటి చావు జరిగినప్పటి నుంచీ అక్కడే ఆగిపోయి ఉంది. అత్త దాన్ని ఒక్కతే తోకబండి మీదికి ఎక్కించలేక, నేల మీదే నిలబెట్టి చీర చుడుతోంది. నా వైపు చూడలేదు. బండి సీటు మీద చెయ్యి వేసి, దానితోనే అంది.

"నిన్ను ధార్వాడకు తీస్కపోయే ఆయప్ప పోతాండాడంట. ఉండమని చెప్పేదానికి నా బిడ్డ లేదు. నేను చెప్తే వినేదెవరు?"

మా అన్న నా ముఖం చూశాడు. నేను సంచిని పికప్పు సీటు మీద పడేసి, వెళ్లి బండి ముందుచక్రం పట్టుకున్నాను. "వెనక పట్టమను, ఎక్కిద్దాం" అన్నాను, నేను కూడా బండితోనే. ఇద్దరం కలిసి ఎక్కించాం. మా అన్న మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి అత్త నాతో పాటు రోడ్డెక్కింది. ఇంట్లో గోడలు చూసుకుంటూ కూర్చోలేనని గేరు రాడ్డుకు చెప్పింది. కిటికీ పక్కన కూర్చుని, పక్కనే ఉన్న నాకు వినపడేట్టు పికప్పుతో మాట్లాడేది. "నిద్దర వస్తాంటే ఆపమనప్పా. ధార్వాడ యాడికి పోతాది?" రాయచూరు దాటాక ఒక ధాబాలో పప్పు గిన్నెను చూస్తూ "ఇంకొంచెం ఏసుకోమను, శానా దూరం పోవాల" అంది. హోటలాయన నన్ను పక్కకు పిలిచి, పెద్దామెకు ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగుంది, నాకు అత్త అవుతుంది అన్నాను. తెలుగువాడే, అర్థం చేసుకుని ఇంకో గరిటె పప్పు తెచ్చి పోశాడు.

ఒకసారి కర్నూలు దాటాక పోలీసాయన ఆపి కాగితాలు చూశాడు. ఈమె ఎవరన్నాడు. మా అత్త అన్నాను. "మరి నీ కూతురేదమ్మా?" అని ఆమెను అడిగాడు. అత్త రోడ్డు వైపు చూస్తూ "ముందు పోయింది సారూ" అంది. బస్సులో పోయిందనుకున్నాడేమో, జాగ్రత్తగా పొమ్మని కాగితాలు ఇచ్చేశాడు. డోన్ వచ్చేదాకా ఆమె ఒళ్లోని నూలు చీరను విప్పుతూ మళ్లీ మడతపెడుతూనే ఉంది. నాకు రోడ్డు సరిగా కనపడక ఒకచోట పక్కకు ఆపుకోవలసి వచ్చింది.

నాకు మళ్లీ పెళ్లి చేయాలని అందరికన్నా ఆమే ఆరాటపడింది. కమలాపురంలో ఒక పిల్ల ఉందని, బండికి తాడు బిగిస్తూ దాని చెవిన వేసింది.

"వచ్చే పిల్లను నా బిడ్డ మాదిరే చూసుకుంటానని చెప్పు."

"నాకు ఇట్లే బాగుండాదని చెప్పు" అన్నాను, అవతలి వైపు తాడు పట్టుకుని.

"ఇంత మొండోణ్ణి యాడా చూడలేదని చెప్పు."

"ఎవరింటి ఉప్పు తిన్నాడో అడుగు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కూతురు పోయాక ఆమె అట్లా నవ్వడం నేను చూసింది అప్పుడే.

దాచుకోకుండా చెబుతాను, నాకు ఒకే ఒక ఆశ ఉండేది. మర్యాద అల్లుడికి ఇచ్చేది. కొడుకును ఎవరూ మర్యాదగా చూడరు, ముఖం మీదే తిడతారు. ఒక్కసారి నా ముఖం చూసి, నాతోనే ఏదో ఒకటి అంటే చాలనుకునేవాణ్ణి, తిట్టినా సరే. పదే పదే అదే రోడ్డు మీద, భుజం పక్కన భుజం పెట్టుకుని అన్ని ఊళ్లు తిరిగాం. ఆ మాట మాత్రం రాలేదు. అడిగి చెప్పించుకునేది కాదు కదా అది.

ఈ ఏడు ఆమెకు ఆయాసం ముదిరింది. పెరట్లో మంచం వేసుకుని కూర్చుని, నేను బండ్లు కడుతుంటే వాటికే తప్పులు చెప్పేది. చివరికి కడపలో డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను ఒప్పుకున్న బండ్లన్నీ వేరేవాళ్లకు అప్పజెప్పి ఆమె దగ్గరే ఉండిపోయాను.

శ్మశానానికి పోయే ముందు కొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. "బిడ్డే లేనప్పుడు అల్లుడు ఏమైతాడు?" అని ఎవరో గొణిగారు. మా అన్న అన్న మాటే. నేను నిప్పుకుండ అందుకున్నాను. ఆ గొణిగిన మనిషికి చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. ఆ గురువారం నాటిదే.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆమె చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"తింటివా నాయనా?" అంది.

నేను వెనక్కి తిరిగి వాకిలి వైపు చూశాను, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు. ఇన్నేళ్ల అలవాటు. ఆ మాట నాకేనని తెలుసుకుని ఇటు తిరిగేసరికి ఆమె కళ్లు మళ్లీ మూతపడ్డాయి. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు.

"తింటి అత్తా" అన్నాను. వినిందో లేదో తెలియదు. చెవి దగ్గరికి వంగి మళ్లీ అన్నాను. ఆమె వేళ్లు దుప్పటి అంచును పట్టుకుని, పోగులు ఎంచుతున్నట్టు మెల్లగా నలుపుతున్నాయి. ఆ వేళ్లు ఆగిపోయేదాకా, తింటి అత్తా, తింటి, అని చెబుతూనే కూర్చున్నాను.