కోట వంటశాలలో అమ్మాజీ

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న మా ఊరి చర్చిలో గంట కొట్టేవాడు. సమాధుల దొడ్డిని ఆనుకునే మా ఇల్లు. నేనూ మా చెల్లెలూ ఆ సమాధుల మీద కూర్చునే ఎక్కాలు బట్టీపట్టాం. ఒక్కనాడూ ఏమీ చూడలేదు. కువైట్‌లో తోటి పనివాళ్లు మేడ మీద అడుగుల చప్పుడు వినబడుతోందంటే నవ్వేదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా ఎవరినో భయపెట్టడానికి కాదు.

ఎనభైల మొదట్లో నేను కువైట్ సిటీ పక్కన మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. మాది నరసాపురం వైపు, గోదారి ఒడ్డు పల్లె. నాన్న పోయాక ఊళ్లో మా అమ్మ, చెల్లెలు కృపావతి మిగిలారు. చెల్లెల్ని ఇంట్లో అమ్మాజీ అని పిలిచేవాళ్లం.

ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవాలి. వాళ్లకు ఒక్కతే కూతురు, దలాల్. ఆరు నెలల పిల్లప్పుడు నా చేతికొచ్చింది. నాలుగేళ్లు వచ్చేసరికి అరబ్బీతో పాటు మా గోదారి తెలుగు కూడా గడగడా మాట్లాడేది. మామాకు అది నచ్చేది కాదు.

ఆ ఏడాది ఆగస్టులో వాళ్లు స్కాట్లాండ్ చూడటానికి బయలుదేరారు. పిల్లను చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు. బయలుదేరే ముందు వారం రోజులూ మామా నా మీద ఎక్కడలేని ప్రేమ చూపించింది. తన పాత ఉన్ని కోటు ఇచ్చింది. బరువులు ఎత్తొద్దంది. ఒకటి రెండుసార్లు నా తల కూడా నిమిరింది. విమానం ఎక్కబోతున్నందుకు సంబరంగా ఉందేమో అనుకున్నాను.

ఎడిన్‌బరోలో కొండ మీది కోటకు రాళ్లు పరిచిన దారిలో పిల్లను చంకనేసుకుని ఎక్కాను. గ్లాస్గోలో మూడు రోజులూ వాన. ప్రతి చోటా బాబా ఫోటోలు తీసేవాడు. కెమెరా పైకెత్తగానే నేను పిల్లను మామాకు ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. ఆ ప్రయాణం ఫోటోలు అన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ నేను లేను. ఒక దాంట్లో మాత్రం నా చెయ్యి పడింది.

బయలుదేరిన పదో రోజున కారులో ఉత్తరంగా వెళ్లి ఒక పాత కోట చూశాం. మధ్యాహ్నం రెండు గంటలు అయివుంటుంది. బాబా, మామా పై అంతస్తుల్లో రాజుల గదులు చూడటానికి వెళ్లారు. మెట్లు ఇరుకు, పిల్ల పడుతుందని మమ్మల్ని కింద వంటశాలలో ఉండమన్నారు. పొద్దున్నుంచి నేను ఏమీ తినలేదు. వాళ్లు హోటల్లో నాస్తా చేస్తుంటే నేను గదిలో సామాన్లు సర్దుతున్నాను.

ఆ వంటశాల పెద్ద రాతి గది. మనిషి నిలబడగలిగేంత ఎత్తు పొయ్యి. మేం తప్ప ఎవరూ లేరు. నేను గోడవారన రాతి అరుగు మీద కూర్చున్నాను. దలాల్ పొయ్యి దగ్గర ఆడుకుంటోంది. కాసేపటికి దాని మాటలు వినిపించాయి. తెలుగులో ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఎవరితోనే ఆ మాటలు?" అన్నాను.

"అమ్మాజీతో."

మా చెల్లెలి పేరు ఎక్కడ విందో, బొమ్మకు పెట్టుకుందేమో అనుకుని లేచి వెళ్లాను. బొమ్మ నా సంచిలోనే ఉంది.

"నువ్వు అన్నం తిన్నావా అని అడుగుతంది," అంది దలాల్ నావైపు తిరిగి.

"ఎక్కడుందే అమ్మాజీ?"

పిల్ల పొయ్యిలోకి వేలు చూపించింది. నాకు నల్లటి రాళ్లు తప్ప ఏమీ కనబడలేదు. "జుట్టంతా నీళ్లు కారతన్నాయి. ఓ చెవికే కమ్మ ఉంది," అంది. తర్వాత చెయ్యి ఊపింది. "ఎల్లిపోయింది" అని, ఏమీ జరగనట్టు నా సంచిలోంచి బొమ్మను లాక్కుంది.

పొయ్యి ముందు నేల తడిగా ఉంది. బయట వాన పడుతూనే ఉంది, దలాల్ బూట్లు కూడా తడిసే ఉన్నాయి. ఆ తడి ఎవరిదో నేను చెప్పలేను. మామా దిగి వచ్చేసరికి నేను ఆ తడి తుడుస్తున్నాను. పిల్ల ఏదో ఒలికించిందేమో అనుకుందామె.

కువైట్ తిరిగి వచ్చిన మర్నాడు మామా నన్ను పిలిచి ఒక టెలిగ్రామ్, ఒక కవరు చేతిలో పెట్టింది. చెల్లెలు చనిపోయింది, వెంటనే రమ్మని టెలిగ్రామ్. దాని మీది తేదీ చూశాను. మేం విమానం ఎక్కడానికి ఎనిమిది రోజుల ముందే మిర్కాబ్‌లో ఉన్న బాబా ఆఫీసుకు చేరింది.

"నాకెందుకు చెప్పలేదు మామా?"

"చెబితే ఏడుస్తూ కూర్చునేదానివి. దలాల్‌ను ఎవరు చూస్తారు? వీసాలు, టికెట్లు అన్నీ అయిపోయాయి," అంది. మళ్లీ, "చనిపోయిన మనిషి ఎలాగూ లేచి రాదు కదా. ఖలాస్," అంది.

కవరులో అమ్మ రాయించిన ఉత్తరం. వరద గోదారిలో పడవ తిరగబడిందట. మూడో రోజున అమ్మాజీ దొరికిందట. ఒక చెవి కమ్మ లేదట. రెండోది తీసి నాకోసం దాచిందట అమ్మ. అక్కడిదాకా చదివి, ఆ కమ్మ మాట దగ్గరికి వెళ్లి మళ్లీ చదివాను.

ఆ కవరు అంటించినది అంటించినట్టే ఉంది. అప్పటిదాకా ఎవరూ విప్పలేదు. విప్పినా ఆ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే.

ఊరికి పంపమని అడిగాను. ఒప్పందం పూర్తి కావాలన్నారు. పాస్‌పోర్టు నన్ను రప్పించిన కఫీల్ దగ్గర, అంటే బాబా దగ్గర ఉంది. ఏడాది దాటాక గానీ చెల్లెలి సమాధి చూడలేదు.

ఫహాహీల్‌లో ఉండే మా వైపు నర్సు ఒకావిడకు ఇదంతా చెప్పాను. "నువ్వు నిద్దట్లో ఆ పేరు పలవరించుంటావే. పిల్లలు అన్నీ పట్టేస్తారు," అంది. కావచ్చు. ఆ పేరు దలాల్ ముందు ఎప్పుడూ అనలేదని ప్రమాణం చేయలేను. స్కాట్లాండ్‌లో ఎవరి జుట్టయినా తడిసే ఉంటుంది, అదీ నిజమే. కమ్మ సంగతికి మాత్రం ఆవిడ దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు.

దలాల్ బడికి వెళ్లడం మొదలుపెట్టాక తెలుగు మర్చిపోయింది. ఒకసారి ఆ వంటశాల గురించి అడిగాను. కోట అంటే దానికి ఐస్‌క్రీమ్ ఒక్కటే గుర్తుంది.

దయ్యం ఉందా లేదా అన్న వాదన నాకిప్పుడు అక్కర్లేదు. వచ్చింది మా చెల్లెలు కాదంటే ఒప్పుకుంటాను. మా చెల్లెలే అయితే మాత్రం, ఆరు అడుగుల దూరంలో కూర్చున్న నాకు కాకుండా వాళ్ల పిల్లకే ఎందుకు కనబడిందో ఎవరైనా చెప్పాలి. ఇన్నేళ్లయినా నాకు అర్థం కాలేదు.