ఏడో సందులో బావమరుదులు

ఆ గోదాములో పన్నెండు సందులు. ఒక్కో సందులో చీలమండ ఎత్తున, గోడకి అయిదు దీపపు కళ్లు. కాలు అడ్డం పడితే చాలు, ఆఫీసుగదిలో చెక్కబోర్డు మీద ఆ చోటి బల్బు వెలుగుతుంది. ఎవరి కాలో మాత్రం చెప్పదు. మేనేజరు బూటైనా, హమాలీ చెప్పైనా, పిల్లి పాదమైనా దానికొకటే. ఆ కంపెనీలో అందరినీ సమానంగా చూసేది ఆ బల్బులే.

బోర్డు ముందు కుర్చీలో పందొమ్మిదేళ్లుగా కూర్చున్నవాణ్ణి అందరూ బల్బుల మామ అంటారు. ఏ తోపుడు బండి ఏ తలుపుకి వస్తోందో లారీల వాళ్లకి ఫోనులో చెప్పడం ఆయన పని. తలుపు దగ్గర్నుంచి ఒక్కొక్కణ్ణీ మనసులో పట్టుకుని, బల్బు వెంట బల్బు నడిపించుకొస్తాడు. ఇద్దరు సందు మధ్యలో ఎదురుపడితేనే చిక్కు. ఆ తర్వాత రెండు వైపులా బల్బులు వెలుగుతాయి. ఇద్దరూ దాటుకున్నారా, వెనక్కి తిరిగారా? బల్బుకి రెండూ ఒకటే.

ఇంతలో కంపెనీ ఒక ఇంజనీరుని తెస్తే, అతను ఒక కంప్యూటరుని తెచ్చాడు. ఆ బల్బుల్నే చూసి అదీ లెక్క కడుతుందట. మేనేజరు వారం రోజులు పందెం పెట్టాడు. యంత్రం నెగ్గితే కుర్చీ తీసేస్తారు, మామ మూటలు మొయ్యాలి. మామ కుడి మోకాలు మెట్లెక్కడానికే మూలుగుతుంది.

యంత్రం చురుకైనదే. దానికున్న లోపం ఒక్కటే, మనిషన్నవాడు ముందుకే పోతాడని నమ్మడం. మామ బావమరుదులిద్దరూ అక్కడే బండ్లు తోస్తారు. చిన్నవాడు పెద్దవాడి దగ్గర నిచ్చెన తీసుకెళ్లి, ఒక మెట్టు లేకుండా తిరిగిచ్చాడు. "మెట్టేదిరా?" అంటే, "నువ్విచ్చినప్పుడే లేదు" అన్నాడు. మూడేళ్లయింది. సందులో ఎదురుపడితే ఇద్దరిలో ఎవడూ పక్కకి జరగడు. కాసేపు గుడ్లురుముకుని, ఎవడి బండి వాడు వెనక్కి లాక్కుపోతాడు. యంత్రం ప్రతిసారీ "దాటుకున్నారు" అంటుంది, ప్రతిసారీ బోర్లా పడుతుంది. మామ దాంతో సమానంగా ఉన్నాడంటే, అదంతా ఆ విరిగిన మెట్టు మీదే నిలబడి ఉంది.

ఆ మాట సంబరంగా ఇంట్లో చెప్పడమే ఆయన చేసిన తప్పు.

"ఏవండీ, నా తమ్ముళ్లు కొట్టుకుంటుంటే దాని మీద బతుకుతున్నారా?" అంది భార్య.

"పందెం ముగిసే శనివారం దాకా ఆగవే. తర్వాత కావలిస్తే నేనే కలుపుతాను."

"మూడేళ్లుగా మీరు కలిపింది చూశాంగా, పులుసులో ఉప్పు కూడా సరిగ్గా కలపరు."

శనివారం పొద్దున మామ మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే గోడ బోసిగా కనిపించింది. ఏదో తగ్గిందనుకున్నాడు గానీ, ఏమిటో తట్టలేదు.

మధ్యాహ్నానికి కూడా మామ లెక్కా యంత్రం లెక్కా సమానంగానే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఏడో సందులోకి తూర్పు నుంచి పెద్ద బావమరిది, పడమర నుంచి గాజుసీసాల బండితో చిన్న బావమరిది వచ్చారు. ఫోను మోగింది.

"మామా, సీసాలు ఏ తలుపుకి? లారీ అక్కడ పెట్టాలి!"

మధ్య బల్బు వెలిగింది. వెలుగుతూనే ఉంది. గుడ్లురుముకోవడానికి ఇంతసేపు అక్కర్లేదు. చివరికది ఆరింది. తూర్పు వైపు బల్బు ఒక్కటే వెలిగింది. పడమర చీకటి.

యంత్రం కెవ్వుమంది. తెర మీద ఎర్రగా "ఒక మనిషి గల్లంతు".

"పెద్దాయనా, లోపల ఎవరో పడిపోయారు!" అని ఇంజనీరు లేచాడు. మేనేజరు బొజ్జ పట్టుకుని ఏడో సందుకి పరుగెత్తాడు.

మామకి గోడ బోసిగా ఎందుకుందో అప్పుడు తట్టింది. అక్కడ ఉండాల్సింది తన ఇంటి నిచ్చెన. "చంపావు కదే" అని గొణిగాడు. మరుక్షణం నవ్వొచ్చింది.

"తూర్పు తలుపుకేరా," అన్నాడు ఫోనులో. "ఇద్దరూ పక్కపక్కనే వస్తున్నారు. అందుకే బల్బు ఒక్కటే."

"వాళ్లిద్దరా? పగటికలా మామా?"

"లారీ పెట్టు. మా ఆవిడ పూచీ."

తూర్పు తలుపులోంచి సీసాల బండి వచ్చింది. దాన్ని ఇద్దరూ కలిసి తోస్తున్నారు. పెద్దవాడి బండి సందులోనే వదిలేశారు. వెనక మేనేజరు దాన్ని గుద్దుకుని కుంటుతూ వచ్చాడు.

"అక్క కొత్త నిచ్చెన ఇచ్చింది బావా," అన్నాడు పెద్దవాడు.

"కొత్తదేం కాదురా, నాది!"

కుర్చీ నిలిచింది. సాయంత్రం భార్య అంతా విని, "వాళ్లు కొట్టుకున్నన్నాళ్లూ మీరు సమానంగానే ఉన్నారు, వాళ్లు కలిశాక నెగ్గారు. ఆ నిచ్చెన ఇక అడక్కండి," అంది.

సోమవారం ఇంజనీరు నోటుపుస్తకంతో, తన స్టూలు తనే మోసుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"మామా, ఇక్కడ ఎవరికెవరితో పడదో కాస్త చెప్తారా? యంత్రానికి నేర్పాలి."

మామ బోర్డు మీంచి కళ్లు తిప్పలేదు.

"నిన్నటి గొడవలా బాబూ, ఇవాళ్టివా?"