గెల మీద నాన్న చెయ్యి

నా చిన్నప్పుడు, నడవలేని మా నాన్నను రోజూ పొద్దున్నే గెలల బండి మీద పనికి తీసుకెళ్ళేవారు. ఆ బండి మా గుమ్మం ముందు ఆగితే నాకు ఒళ్ళు మండిపోయేది.

నాన్నది రావులపాలెం అరటి మార్కెట్లో జట్టు పని. తోటల నుంచి వచ్చిన గెలలను భుజాన మోసుకెళ్ళి లారీలకెక్కించడం. ఒకరోజు లారీ మీద నుంచి జారిపడి కాలు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, ఆ కాలు నేల మీద మోపవద్దన్నారు. పైగా పుండు పడింది. మందులు ఆపితే కాలు దక్కదని డాక్టరు గారు అమ్మతో గట్టిగా చెప్పారు. మందులు కొనాలన్నా, అన్నం వండాలన్నా మాకు నాన్న కూలే ఆధారం.

ఆ గెలలు కొని లారీలకెత్తించే షావుకారు గారు చూడటానికి వచ్చారు. అయ్యో పాపం అన్నారు. అరటి గెలలు మోసి పడినవాడికి అరటిపళ్ళే తెచ్చారు, ఏం చెప్పను. మందుల మాట ఆయన ఎత్తలేదు, మావాళ్ళూ అడగలేదు. జట్టు కూలీకి వైద్యం పని ఇచ్చినవాళ్ళు చేయించాలని అప్పట్లో ఎవరికీ తోచేది కాదు.

ఆ మర్నాడు జట్టు పెద్ద వచ్చాడు. ఆయనను నేను పెదనాన్న అనేదాన్ని. రేపటి నుంచి బండి పంపిస్తానని చెప్పాడు. పడుకోవాల్సిన మనిషిని పనికి లాక్కెళ్ళడమేమిటో నాకు అర్థం కాలేదు. అమ్మ పోట్లాడుతుందనుకున్నాను. అమ్మేమో బండిలో దుప్పటి పరిచి, నాన్నకు తల దువ్వి మరీ పంపింది. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఒకేసారి మతి పోయిందనుకున్నాను.

బడి లేని ఒక రోజు బండి వెనకాలే వెళ్ళాను. మార్కెట్ షెడ్డులో ఎండు అరటాకులు పరిచి నాన్నను పడుకోబెట్టారు. భుజాన గెలతో లారీ వైపు వెళ్ళే మనుషులు నాన్న దగ్గర ఆగి, అంత బరువుతోనూ మోకాళ్ళు వంచేవారు. నాన్న చెయ్యి చాచి ఆ గెలను తాకేవాడు. అప్పుడు లేచి వెళ్ళిపోయేవారు.

మాది లూథరన్ చర్చి. జబ్బు చేసినవాళ్ళ తల మీద పాస్టరు గారు చేతులుంచి ప్రార్థన చేయడం నేనెరుగుదును. ఇక్కడ జబ్బు మనిషే గెలల మీద చెయ్యి ఉంచుతున్నాడు. గెలలకేం జబ్బు చేసిందో, నాన్నకు ఈ వరం ఎప్పుడొచ్చిందో తెలియక నా బుర్ర తిరిగిపోయింది. పొట్టిగా ఉండే ఒకాయన మాత్రం నాన్నకు అందనంత దూరం నుంచి విసవిసా నడిచిపోయేవాడు. నాన్న చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకునేవాడు. ఆ పొట్టాయనను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఉండబట్టలేక పెదనాన్నను అడిగాను. ఆయన గెల దించకుండానే చెప్పాడు.

"ఆ రోజు గెల మీద చెయ్యేసినోడికే జట్టు కూలిలో వాటా అమ్మా. అది మా పెద్దలు పెట్టిన కట్టుబాటు, నేను మార్చలేను. మీ నాన్న చెయ్యేశాడో లేదో నువ్వే చూశావు కదా, చెప్పు."

వేశాడన్నాను.

"మరింకేంటి" అని వెళ్ళిపోయాడు.

నాన్న కాలు దక్కింది. కుంటుతూనే మళ్ళీ గెలలు మోశాడు. కానీ ఆ వాటా షావుకారు గారి పెట్టెలోంచి రాలేదని, మోకాళ్ళు వంచినవాళ్ళ కూలిలోంచే తెగిందని నాకు పెళ్ళయ్యాక గానీ తెలియలేదు. దూరంగా వెళ్ళిన పొట్టాయన ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉండేదట, అదీ అప్పుడే తెలిసింది. షావుకారు గారు రోజూ ఇదంతా చూస్తూనే ఏమీ అనేవారు కాదని, దయగల మనిషని అమ్మ మెచ్చుకునేది. ఆయన అనడానికేముంది, ఆయనకు పోయిందేమీ లేదు. వీళ్ళలో ఎవరికి దండం పెట్టాలో, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఈ వయసులో కూడా నాకు తేలడం లేదు.

మొన్న మా మనవరాలు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పనికి బయలుదేరింది. రాజమండ్రిలో పెద్ద బట్టల షాపులో చీరలు చూపిస్తుంది. ఆసుపత్రికి పనికొచ్చే ఇన్సూరెన్స్ మీ షాపువాళ్ళు ఇవ్వరా అంటే, అవి ఆఫీసులో కూర్చునేవాళ్ళకట. మానేస్తే జీతం కోస్తారట. గుమ్మం దగ్గరున్న మిషన్ మీద వేలు పెడితేనే పనికి వచ్చినట్టట.

"నీ బదులు నీ స్నేహితురాళ్ళెవరైనా పెట్టకూడదా?" అన్నాను.

"కుదరదు అమ్మమ్మా. ఎవరి వేలు వాళ్ళే పెట్టాలి."

ఎవరికైనా పని దొరికిందంటే అందరూ జీతమెంతని అడుగుతారు. నేను మాత్రం, నువ్వు పడుకుంటే గెలను నీ చేతి దాకా తెచ్చేవాళ్ళు అక్కడున్నారా అని అడుగుతాను. పిల్లలు నన్ను వింతగా చూస్తారు. ఆ రోజు మనవరాలిని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ఆటో కదిలేదాకా, కాలిపోతున్న ఆ వేలు పట్టుకుని నిలబడ్డాను.