పళ్ళ డాక్టరు దగ్గర చెయ్యెత్తిన రోజు

బేసిన్‌లో నేను ఉమ్మిన ఎర్రటి నీళ్ళను మొదట చూసింది మా అత్త. ఆమెది పూండి దగ్గర జీడితోటల ఊరు. తుపాను తోటను ఊడ్చేసిన ఏడాది కాశీబుగ్గలో మా ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండిపోయింది.

"ఏటే పిల్లా, పొద్దున్నే కిళ్ళీ ఏసుకున్నావేటి?" అంది.

కిళ్ళీ కాదని, పళ్ళు తోముకుంటే కొన్నాళ్ళుగా ఇలాగే వస్తోందని చెప్పాను. చెప్పి ఉండకూడదు. సాయంత్రానికల్లా మా ఆయన నన్ను పలాసలో కొత్తగా తెరిచిన పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయికంటే ఓ నాలుగేళ్ళు పెద్దదేమో. అద్దం పెట్టి నోరంతా చూసి, "గార బాగా పట్టింది మేడమ్. క్లీనింగ్ చేసేస్తే చిగుళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. శనివారం రండి" అంది.

అంతే అయితే బాగుండేది. సరిగ్గా అప్పుడే పక్కగదిలో ఎవరి నోట్లోనో మిషను మోగింది. స్టీలు కంచం మీద మేకుతో గీస్తూ, మధ్యలో దోమను కూడా పాడమన్నట్టున్న చప్పుడు. అది నాతోపాటు ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసింది. అన్నం తింటున్నా వినిపించేది, బడిలో ఎక్కాలు చెప్పిస్తున్నా వినిపించేది.

నేను ఉద్దానంలో ఓ చిన్న బడిలో టీచర్ని. బడికి సూదిమందు వాళ్ళు వస్తే పిల్లల భుజాలు పట్టుకునేది నేనే. "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని ఎన్నేళ్ళుగా చెబుతున్నానో. ఒక్కరు కూడా ఎందుకు నమ్మలేదో ఆ వారం నాకు అర్థమైంది.

పైగా ఊరంతా పళ్ళ పండితులే. నాతో బస్సులో వచ్చే టీచరు, "గార తీయించీకండి. పళ్ళని పట్టుకునుండేది ఆ గారే. అది పోతే పళ్ళు ఊగిపోతాయి" అంది. పక్కింటావిడ తన తోటికోడలు క్లీనింగ్ చేయించుకుని నెల్లాళ్ళు జావే తాగిందని చెప్పింది. ధైర్యం కోసం ఫోన్లో వీడియో పెట్టుకున్నాను. ఒకాయన నవ్వుతూ "మొదటగా..." అన్నాడు. అక్కడే ఆపేశాను.

మా ఆయనకి ఇదంతా వినోదం. "ఇద్దర్ని కన్నదానివి, పళ్ళు తోమించుకోడానికి బయమేటే?" అన్నాడు.

"అప్పుడు అరవనిచ్చేరు మావా. ఇక్కడ నోరు తెరిసే ఉంచాల, అరవకూడదు" అన్నాను.

శనివారం ఒక్కదాన్నే వెళ్ళాను. నా ముందు ఎవరో అమ్మాయి దవడ పట్టుకుని బయటికి వచ్చింది. కౌంటరు దగ్గరి అమ్మాయి "మీరే మేడమ్" అంది. నా చెయ్యి నన్నడక్కుండానే ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది. "హలో, ఆఁ, చెప్పండి... అవునా... ఇప్పుడేనా..." అంటూ లేచి మెట్లు దిగుతున్నాను. సగం దిగేసరికి చెవిలోనే ఫోన్ మోగింది. మా ఆయన. "అయిపోయిందేటి?" అన్నాడు. మెట్ల పైనుంచి కౌంటరమ్మాయి నన్నే చూస్తోంది. నేను ఆగలేదు. మార్కెట్లో వంకాయలు కొనుక్కుని ఇల్లు చేరాను.

"డాక్టరమ్మ లేదు" అన్నాను.

మా ఆయన నమ్మాడు. అత్త నమ్మలేదు. నన్ను కిందికీ పైకీ చూసి, "డాక్టరు నేకపోతే నీ మొకం అలగ ఎలిగిపోతందేటి? వొచ్చే వారం నానొత్తాను" అంది.

అక్కడితో ఆగినా సరిపోయేది. మర్నాడు ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులు చెప్పేవాళ్ళు లేవండి అనగానే అత్త లేచి నిలబడింది. "మా కోడలు పళ్ళ కోసం" అంది. సంఘమంతా కళ్ళు మూసుకుని నా పళ్ళ కోసం ప్రార్థించారు. కళ్ళు తెరిచాక అందరూ తిరిగి నా నోరే చూశారు. నేను పాటల బృందంలో పాడతాను. ఆ రోజు పెదవులు కలిపి ఉంచే ఏదో పాడాను.

మళ్ళీ శనివారం వచ్చింది. అత్త చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, ఆటోలో నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. నేను పారిపోకుండా పట్టుకుందనుకున్నాను. ఆసుపత్రిలో, "నానూ లోపలికొత్తాను" అంది. డాక్టరమ్మ ఆ తెల్లచీరనీ ఆ మొహాన్నీ చూసి కాదనలేకపోయింది.

కుర్చీ వెనక్కి వాలింది. మొహం మీద లైటు. "నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి మేడమ్, వెంటనే ఆపేస్తాను" అంది డాక్టరమ్మ. ఆ ముక్క అత్త వినలేదు. ఆమె అప్పటికే నా కాళ్ళ దగ్గర నిలబడి, నా బొటనవేలు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయింది.

నోట్లో ఏదో తగలగానే చెయ్యెత్తాను.

"ఇంకా మొదలెట్టలేదు మేడమ్. ఇది ఉమ్మి లాగే గొట్టం."

దించాను. మిషను మోగింది. నీళ్ళు చిమ్ముతున్నాయి, పంటి మీద ఏదో గిలిగింతలాంటిది పాకుతోంది. వారమంతా ఊహించుకున్న నొప్పి కోసం కాచుకుని కూర్చున్నాను. అది రాలేదు. ఇంతేనా అనుకుంటుండగా కింది పళ్ళ దగ్గర ఒకచోట జివ్వుమంది. నా ఎడమ చెయ్యి నిటారుగా లేచింది.

సరిగ్గా అప్పుడే అత్త కళ్ళు తెరిచింది. చెయ్యెత్తి ఉన్న కోడలు కనిపించింది. ఆమె రెండు చేతులూ పైకెత్తి, "స్తోత్రం!" అని అరిచింది.

బయట కూర్చున్నవాళ్ళలో మా సంఘం వాళ్ళెవరో ఉన్నట్టున్నారు. "హల్లెలూయా!" అని జవాబొచ్చింది.

డాక్టరమ్మ మిషను ఆపేసింది. నాకు నోటినిండా నీళ్ళు, వాటితోపాటు నవ్వు. పొలమారింది. లేచి కూర్చుని దగ్గుతున్నాను, నవ్వుతున్నాను, గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నాయి. డాక్టరమ్మ మాస్కు తీసేసి గోడకి ఆనుకుని నవ్వుతోంది.

"అత్తా, సెయ్యెత్తితే నొప్పని" అన్నాను ఊపిరి తీసుకుని.

"మరా ముక్క ముందు సెప్పొద్దేటి? ఆత్మ దిగిందనుకున్నాను" అంది కోపంగా.

ఆ తర్వాత భయపడాలని ప్రయత్నించినా కుదరలేదు. మిగిలిన పని అత్త అజమాయిషీలో జరిగింది. నా వేలు కదిలినా చాలు, "ఆపమ్మా, ఆపు, సెయ్యెత్తతంది" అని డాక్టరమ్మకి ఆర్డరు వేసేది. అంతా అయ్యాక డాక్టరమ్మ నాకు అద్దం ఇచ్చింది. కింది పళ్ళ మధ్య నేనెప్పుడూ చూడని సన్నటి సందులు కనిపించాయి. నాలుక ఊరుకోకుండా వాటిని ఒక్కొక్కటే పలకరించి వస్తోంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు బాగా నొప్పెట్టింది కాలి బొటనవేలు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పు తీసి చూపించాను. గోళ్ళు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. అత్త వంగి దాని మీద ఊదింది.

"ఏటి సెయ్యమంటావు, నాకూ బయమేసింది గదే" అంది.

పెళ్ళైన కొత్తలో టెక్కలిలో ఆమెకి పన్ను పీకించారట. కుర్చీలోంచి లేవకుండా ఇద్దరు పట్టుకున్నారట. ఆ తర్వాత ఎన్ని పళ్ళు సలిపినా లవంగం నూనె రాసుకుని, అవి ఊగి వాటంతటవే రాలేదాకా ఓర్చుకుంది తప్ప ఏ ఆసుపత్రి గుమ్మమూ తొక్కలేదు. నా కోసమే ఇప్పుడు తొక్కింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు ఆటోలో నా మణికట్టు అలా ఎందుకు పట్టుకుని కూర్చుందో నాకు అప్పుడు తెలిసింది. ఆటో ఆపించి ఇద్దరికీ కొబ్బరిబొండాలు కొట్టించాను. మొదటి గుక్కకే పళ్ళన్నీ జిల్లుమన్నాయి. అత్త నన్ను చూసి నవ్వింది.

ఆరు నెలలకి మళ్ళీ రమ్మంటే ఒక్కదాన్నే వెళ్ళాను. భయం పోయిందని చెప్పను. అదీ నాతో వచ్చింది, పక్క కుర్చీలో కూర్చుంది. దానికి అటుపక్క ఓ భారీ మనిషి ఉన్నాడు. సముద్రం ఒడ్డు ఊరాయన. చేపల వ్యాపారమట. చొక్కా అంతా చెమట.

"ఎలగుంటాదమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

చీమ కుట్టినట్టు అనబోయి మింగేశాను. "చప్పుడు ఎక్కువ, నొప్పి తక్కువ. ఒకటి రెండుచోట్ల జివ్వుమంటుంది" అన్నాను.

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అయితే నువ్వే ముందెల్లమ్మా" అన్నాడు.

వెళ్ళాను. పని ముగించుకుని బయటికి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి లుంగీ సర్దుకుంటున్నాడు. నా నోటివైపు అనుమానంగా చూశాడు.

"అన్నీ ఉన్నాయా?"

పళ్ళన్నీ కనిపించేలా ఇకిలించి చూపించాను. పైవరసా కిందివరసా తీరిగ్గా పరీక్షించి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆయన లోపలికి వెళ్ళాడు.