అట్టల్లో మిగిలిన అంచులు

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది, జూలైలో నన్ను పెనుకొండ కాలేజీ నుంచి ధర్మవరంలో ఒక చేనేత డిజైన్ శిక్షణా కేంద్రానికి డిప్యుటేషన్ మీద వేశారు. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోట, పని కొత్త చోట. నా హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. పేరు పెద్దదే గానీ, కంప్యూటర్లు ఆగిపోకుండా చూడడం, ఆగిపోతే తిట్లు తినడం, ఇంతే పని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఇల్లు హిందూపురంలో కాబట్టి పొద్దున రైలెక్కి, పెనుకొండ దాటి ధర్మవరంలో దిగేవాణ్ని. దారి పొడవునా పక్క సీటువాళ్లకు లైనక్స్ గురించి చెప్పేవాణ్ని. కొందరు నన్ను చూడగానే పెట్టె మారేవాళ్లు. అది వాళ్ల ఖర్మ.

కేంద్రంలో పన్నెండు కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేరుకు గడువు తీరింది, కొత్తది వాటి మీద ఎక్కదు, తూకానికి అమ్మేద్దామని ఫైలు కూడా కదిలింది. నాకు ఒళ్లు మండింది. చొక్కా చాలలేదని మనిషిని పారేస్తామా? నాలుగు రోజులు కూర్చుని అన్నింటికీ లైనక్స్ ఎక్కించాను. తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. లైనక్స్ అనేది కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేరు. లైసెన్సు కొనక్కర్లేదు, కావాలంటే విప్పి చూసుకోవచ్చు, పాత మిషన్లను చిన్నచూపు చూడదు. అయిదో రోజు పన్నెండూ నడిచాయి. ఆ రోజు నేను నేల మీద నడవలేదనే చెప్పాలి.

అక్కడ డిజైన్ నేర్పే అమ్మాయి షబానా. ముప్పై దాటి ఉంటాయి, నెమ్మదస్తురాలు. వాళ్ల నాయన ఖాజా మాస్టరు నలభై ఏళ్లు పట్టుచీరల అంచులకూ కొంగులకూ గళ్ల కాగితం మీద బొమ్మలు గీసిన మనిషి. దాన్ని గ్రాఫు అంటారు. ఏ వరుసలో ఏ దారం పైకి లేవాలో గడిగడికీ రంగు వేసి చూపించడమే గ్రాఫు. ఆయనకు కంటి జబ్బుతో చూపు పూర్తిగా పోయింది. కాగితాలకు చెద పట్టడం చూసి షబానా అన్నింటినీ ఫోనుతో స్కాన్ చేసి ఒక కంపెనీ క్లౌడులో దాచింది. తరువాత కాగితాలు చెదపాలయ్యాయి. ఆ స్కాన్లే మిగిలాయి. ఆమె పాఠం చెప్పేది వాటితోనే. సాయంత్రం ఇంటికి వెళ్లి, ఈ రోజు ఫలానా హంసల అంచు చెప్పినాను నాయనా అంటే, ఆయన కళ్లు మూసుకుని ఆ హంసకు ముక్కు దగ్గర ఎన్ని గడులో చెప్పేవాడట.

క్లౌడు నిండిపోయిందనీ, ఇంకా చోటు కావాలంటే నెలనెలా కట్టమనీ ఫోను ఆమెను పోరుపెడుతుండేది. నాకు అంతకన్నా ఏం కావాలి! క్లౌడంటే ఎవరిదో కంప్యూటరే తల్లీ, నాయన కష్టాన్ని బాడుగింట్లో పెట్టి నీకు నిద్రెట్లా పడుతుంది అని అడిగాను. మా వృత్తిలో దీన్ని సెల్ఫ్ హోస్టింగ్ అంటాం. మన సమాచారం మన మిషన్లో, మన గోడల మధ్య ఉంచుకోవడం. ఆమె భయపడింది. మిషన్ చెడిపోతే ఎట్లా సార్ అంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు కదా, వింటానా!

పన్నెండింటిలో ఒక మిషన్‌ను సర్వరుగా మార్చాను. రెండు డిస్కులు పెట్టి మిర్రరు కట్టాను. మిర్రరంటే ఒక డిస్కు మీద రాసింది అదే క్షణంలో రెండోదాని మీదా పడుతుంది, ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది. ఫోనుకూ సర్వరుకూ సింక్ కలిపాను, అంటే ఫోనులో ఫోల్డరు ఎట్లా ఉంటే సర్వరులోనూ అట్లాగే ఉంటుంది. చెరిపిన ఫైళ్లు కొన్నాళ్లు ఆగే చెత్తబుట్ట ఒకటుంటుంది, అది చోటు తింటోందని ఆపేశాను. చివరగా ఆమె క్లౌడు ఖాతాను దగ్గరుండి మూయించాను. ఇంక నీ ఆస్తి నీ చేతిలో ఉంది తల్లీ, ఫోను పోయినా దిగులు లేదు అన్నాను. ఈ మాట అన్నట్టు నాకు బాగా గుర్తుంది, మరిచిపోతే బాగుండేది.

దీపావళి దాటాక షబానా ఫోనులో చోటు చాలలేదు. సర్వరులో ఉన్నాయి కదా, సార్ చెప్పినారు కదా అని గ్రాఫుల ఫోల్డరును ఫోనులోంచి చెరిపేసింది. సింక్ తన పని తాను చేసింది. ఫోనులో లేనిది సర్వరులోనూ ఉండకూడదని అక్కడా చెరిపింది. ఒక డిస్కులో చెరిగింది రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిగింది. పది రోజులు రంగుల పాఠాలు నడిచాయి, ఆ తరువాత గ్రాఫు పాఠానికి ఫోల్డరు తెరవబోతే లేదు. ఈలోపల క్లాసు వీడియోలన్నీ నేనే ఆ డిస్కుల్లోకి ఎక్కించి ఉన్నాను, పాత గ్రాఫుల చోటంతా అవి ఆక్రమించాయి. మూడు రోజులు డిస్కులను జల్లెడ పట్టాను. చిరిగిన పేలికల్లాంటి ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు.

మిర్రరు బ్యాకప్ కాదు. మా వృత్తిలో ఇది ఓనమాలు. పెనుకొండలో ఎన్ని బ్యాచీలకు బోర్డు మీద రాసి చెప్పానో లెక్కలేదు. వేరే చోట వేరే ప్రతి ఉండాలనీ, దాన్ని అప్పుడప్పుడు తెరిచి చూసుకోవాలనీ చెప్పినవాణ్ని, ఆ అమ్మాయి విషయంలో మాత్రం నేను చెప్పిందే నేను చేయలేదు.

మాస్టరుకు చెప్పక తప్పదు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. నేను నోరు తెరిచేలోపే షబానా, నేనే చెరిపేసినా నాయనా అని ఏడ్చేసింది. కాదు, తప్పు నాదని చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయనకు నా మొహం కనపడదన్న సంగతి కూడా ఆ నిమిషంలో గుర్తులేదు. మాస్టరు, ముందు సారుకు టీ పెట్టుపో అని కూతుర్ని లోపలికి పంపాడు. తరువాత నా వైపు తిరిగి, "అది సరేగానప్పా సారూ, అట్టలు యాడికి పోతాయి? మగ్గాలోళ్ల ఇండ్లల్లో ఉండాయి గదా" అన్నాడు.

మగ్గం మీద జాకార్డు అనే పెట్టె ఉంటుంది. గ్రాఫులో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట చొప్పున బెజ్జాలు కొట్టి, వాటిని దండలాగా కుట్టి ఆ పెట్టెకు తగిలిస్తారు. బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. కంప్యూటరు భాష కూడా అంతేగా, ఉందా లేదా! ముప్పై ఏళ్లు ఈ ఉద్యోగం చేసి, రోజూ మగ్గాల చప్పుడు మధ్య నడిచి, ఆ మాట నాకు తట్టలేదు. చూపు లేని పెద్దాయనకు తట్టింది.

తరువాత ఆదివారాలన్నీ షబానా, నేనూ మగ్గాల ఇళ్లు తిరిగాం. మగ్గం ఎత్తేసినవాళ్లు కూడా అట్టలు పారేయరు, దూలానికి మూట కట్టి వేలాడదీస్తారు. మాస్టరు పేరు చెప్పగానే నిచ్చెన వేసేవాళ్లు. బత్తలపల్లిలో నారాయణమ్మ అనే నేతగత్తె అయిదు మూటలు దించి, దుమ్ము తన కొంగుతోనే తుడిచి ఇచ్చింది. "ఆయప్ప అడిగినోళ్లకల్లా గీసిచ్చినాడు. ఎత్తుకపో సారూ, మల్లా తెచ్చియ్యి" అంది.

అట్టలను కిటికీ వెలుతురుకు పట్టి ఫొటోలు తీశాం. బెజ్జాలను చుక్కలుగా చదివి గ్రాఫు గీసే చిన్న ప్రోగ్రాము రాశాను. అది రాయడానికి రెండు రోజులు పట్టింది. వరుసలు సరిచేయడానికి మూడు నెలలు పట్టింది. దారాలు చీకిపోయి అట్టలు కలగాపులగమయ్యాయి, వాటి మీది వరుస అంకెలు చెరిగిపోయాయి. అక్కడ నా ప్రోగ్రాము చేతులెత్తేసింది. మాస్టరు అట్టను ఒళ్లో పెట్టుకుని, బెజ్జాల మీద వేళ్లు మెల్లగా నడిపేవాడు. "ఇది నెమలి కంఠమబ్బా. ఈ పక్కది దానికంటే ముందరిది" అనేవాడు. స్క్రీను మీద నెమలి కుదురుకునేది. బొమ్మ కుదిరిందని షబానా చెబితే ఆయన మొహంలో వెలుగు చూడాలి! నా సర్వీసులో అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు.

వేసవి నాటికి దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి. షబానా జాబితా చదువుతుంటే ఆయన ఒక్కొక్కదానికీ తలూపుతూ వచ్చాడు. చివర్న, మల్లెమొగ్గల అంచు చెప్పలేదే అన్నాడు. షబానా జాబితా పక్కన పెట్టేసింది. ఆమె తల్లి చనిపోయిన ఏడాది ఆయన గీసిన అంచు అది. భార్య పేరున గీసుకున్నాడు, ఏ మగ్గానికీ ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి దానికి అట్టలు లేవు. ఆ గ్రాఫు చెదలకు దక్కకుండా ఫోనులోకి వచ్చింది, నా చేతిలో పోయింది.

ఆయన వేళ్లు ముడుచుకున్నాడు. "ఇచ్చినేవన్నీ వచ్చె. దాచిపెట్టుకున్నేదే పాయె" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. అది ఆయనకు వినపడింది. "నువ్వేమిటికి ఏడుస్తాండావప్పా, అది నాకు కండ్లముందరే ఉండాది" అని చెయ్యి చాపి నా మోకాలి మీద వేశాడు.

ఇప్పుడు ఆ గ్రాఫులు ఒకచోట లేవు. కేంద్రంలో ఒక ప్రతి, హిందూపురంలో మా ఇంట్లో ఒకటి, నారాయణమ్మ ఇంట్లో పెన్‌డ్రైవులో ఒకటి. అడిగిన నేతగాళ్లందరికీ షబానా కాపీ ఇస్తుంది. ప్రతి నెలా మొదటి వారంలో ప్రతి ఒక్కదాన్నీ వేరే మిషన్ మీద తెరిచి చూస్తాను, రిటైరయినా ఈ పని వదల్లేదు. సొంత సర్వరు మంచిదని ఇప్పటికీ వాదిస్తాను. అయితే ఎవరైనా పెట్టుకుంటామంటే, రెండో ప్రతి ఎవరింట్లో ఉంచుతారని ముందు అడుగుతాను, జవాబు లేకపోతే చెయ్యి వేయను. ఈ నియమం నాకు ఉద్యోగంలో చేరిన ఏడాదే తెలుసు. తెలిసీ పాటించనందుకు పోయింది నాది కాదు, ఒక ముసలాయన తన భార్య కోసం గీసుకున్న అంచు.