ఒక్క తప్పూ లేని ఫీల్డర్

ఆ ఏడు కెనడాలోని వాటర్లూలో మా కాలేజీకి మనవాళ్లు ఎంతమంది వచ్చిపడ్డారంటే, స్టూడెంట్స్ బేస్‌బాల్ లీగ్‌లో ఒక జట్టు జట్టంతా తెలుగువాళ్లమే. ఆట సగమే అర్థమైంది, అయినా ఫైనల్‌కి వచ్చేశాం!

ముందురోజు పొద్దున్నే కెప్టెన్ ఫోన్ చేశాడు. నిజామాబాద్ సీనియర్, అందరికీ అన్న. కొత్తగా ఒక హిట్టర్ చేరాడు కాబట్టి నా రూమ్మేట్‌ని ఫైనల్లో ఆడించకుండా ఆపేస్తానన్నాడు.

"తొమ్మిదిసార్లు చేతికి తగిలిన బాల్ ఇడిసిపెట్టింది చెల్లె. నువ్వు సీజన్ మొత్తంల ఒక్కటి గూడ ఇడువలే."

నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. పాపం, అది షిఫ్టులు మార్చుకుని మరీ ఆటకు వచ్చేది. "సాయంత్రం దాకా ఆగన్నా. ఎవరిని ఆపాలో లెక్క తీసి చెప్తా" అన్నాను. డేటా అనలిటిక్స్ చదువుతున్నదాన్ని, ఆమాత్రం చేయలేనా!

లైబ్రరీలో కూర్చుని మా గ్రూపులోని మ్యాచ్ వీడియోలన్నీ చూశాను. ఒక్కొక్కరూ కొట్టి తెచ్చిన పరుగులు ఒక వరసలో, ఫీల్డింగ్‌లో ఆపిన పరుగులు ఇంకో వరసలో. తెచ్చినా ఒకటే, ఆపినా ఒకటే కదా. చూస్తుంటే ఒళ్లు పులకరించింది. అది వదిలిన తొమ్మిదీ అసలు ఎవరికీ అందే బంతులే కావు! ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి చెయ్యి పెట్టింది. చెయ్యి తగిలింది కాబట్టి, క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినట్టు తప్పు రాసుకున్నాం. అలా పరుగెత్తి ఆపినవైతే బోలెడు. "ఓసి నీ దుంపతెగ!" అని పైకే అనేశాను. పక్క టేబుల్ అమ్మాయి ఉలిక్కిపడింది.

రెండు వరసలూ కూడి పేర్లు పేర్చాను. అది మూడో స్థానంలో ఉంది. అట్టడుగున నేను.

మళ్లీ కూడి చూశాను. మళ్లీ నేనే. వీడియోల్లో బంతులు నా పక్కనుంచే దొర్లిపోతుంటే, నేను నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను. ముట్టుకోని బంతికి తప్పెవరు రాస్తారు? ఏడుపొచ్చేసింది. ఒక్క అంకె మార్చినా ఎవరికీ తెలియదు. కానీ పొద్దున అంత పెద్ద నోరు వేసుకుని మాట్లాడింది నేనే. ఫోన్ తీశాను.

"అన్నా, ఆపాల్సింది దాన్ని కాదు. నన్ను."

ఫైనల్ చివర్లో మేం ఒక్క పరుగు ముందున్నాం, వాళ్లవాళ్లు ఇద్దరు పరుగు తీయడానికి బేస్‌ల మీద కాచుకుని ఉన్నారు. బంతి నేనెప్పుడూ నిలబడే వైపు, నా బదులు దిగిన కొత్త హిట్టర్‌కి అందనంత దూరంగా లేచింది. రూమ్మేట్ మైదానం మధ్యనుంచి పరుగెత్తుకొచ్చి, పడిపోతూ చెయ్యి చాచింది. బంతి తగిలి జారింది. పదో తప్పు! కానీ బంతి అక్కడే ఆగిపోయింది. రెండు పరుగులు రావలసిన చోట వాళ్లకు ఒక్కటీ రాలేదు. మరుసటి బంతికి వాళ్ల చివరి అవుట్ పడింది, గెలిచేశాం. బెంచీ ఎక్కి గొంతు పోయేలా అరిచాను. నేను ఆడి ఉంటే నా పేరున తప్పేమీ పడేది కాదు, ఓడిపోయేవాళ్లం.