చావడం అలవాటైన మనిషి

న్యూయార్క్ టెలివిజన్‌లో నాటకాలను రికార్డు చేయకుండా, ఆడుతుండగానే ఇళ్లకు పంపే రోజుల్లో, లెస్టర్ పింకస్ శవం వేషాలతో బతికేవాడు. అమెరికా అంతర్యుద్ధం నాటకమైతే అతనికి పండగే. మొదటి అంకంలో దక్షిణాదివాళ్ల బూడిదరంగు కోటులో చచ్చి, కెమెరా అటు తిరగ్గానే కేబుళ్ల మీదుగా పాక్కుంటూ పోయి, రెండో అంకంలో ఉత్తరాదివాళ్ల నీలం కోటులో మళ్లీ చచ్చేవాడు. ఏ పక్షానిది న్యాయమో అతనికి పట్టేది కాదు. నేల ఎంత గట్టిదో పట్టేది. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా, తూటా తగిలినవాడిలా ముందు మోకాళ్లు వదిలేసి, తర్వాత భుజం వాల్చేవాడు.

ఒక ఆదివారం అతనికి మొదటిసారి ఒక మాట దొరికింది. గుడారంలోకి పరుగున వచ్చి "యుద్ధం అయిపోయింది, జనరల్‌గారూ" అనాలి. బ్రూక్లిన్‌లో వాళ్లమ్మ ఇరుగుపొరుగును టీవీ ముందు కూర్చోబెట్టింది. లెస్టర్ వచ్చాడు, నోరు తెరిచాడు. అంతలో బయట విజయానికి గుర్తుగా తుపాకీ పేలింది. లెస్టర్ అలవాటుకొద్దీ, ఎంతో అందంగా, చచ్చిపోయాడు.

ఆ మాట పడితే తప్ప నాటకం ముగియదు. జనరల్ వేషగాడు వంగి అతని భుజం కుదిపాడు.

"ఏదో చెప్పబోయావు నాయనా. చెప్పి పో."

శవం ఒక కన్ను తెరిచి, "యుద్ధం అయిపోయింది, జనరల్‌గారూ" అని, మర్యాదగా మళ్లీ చచ్చింది.

నాటకం అవగానే లెస్టర్ అమ్మకు ఫోన్ చేశాడు.

"మాట బాగా వినపడిందిరా," అందామె. "పక్కింటి సాడీ ఇంకా ఏడుస్తూనే ఉంది. కానీ యుద్ధం అయిపోయాక కూడా చావాలా, వెధవా?"